డయజెపామ్ 5 మిల్లీగ్రాములు వేసుకోవాల్సిన చోట ఆల్ప్రజోలామ్ 0.25 మిల్లీగ్రాములే ఎలా సరిపోతుంది?

రెండూ టెన్షన్ తగ్గించే మందులే. రెండూ మెదడులో గాబా-ఏ రిసెప్టార్ మీదే పనిచేస్తాయి. ఇది నరకణం మీద ఉండే ప్రోటీన్; నరకణాన్ని శాంతింపజేసే గాబా అనే రసాయనం దీనికే అతుక్కుంటుంది. గాబా అతుక్కునే చోట కాకుండా పక్కనున్న మరో చోట చేరి, గాబా ప్రభావాన్ని పెంచుతాయి. నరకణంలోకి క్లోరైడ్ అయాన్లు వెళ్లే ద్వారం ఇంకా తరచుగా తెరుచుకుంటుంది, నరకణం శాంతిస్తుంది.

ఆ చోటులో అణువు ఎంత బాగా ఇమిడితే అంత తక్కువ మోతాదు చాలు. అందుకే కెమిస్టులు అణువులో చిన్న చిన్న మార్పులు చేసి చూస్తారు. 1960లో వచ్చిన లిబ్రియం అనే ఇదే కోవ మందును కెమిస్టు లియో స్టెర్న్‌బాక్ ఇలాగే సరళం చేస్తే, అంతకంటే శక్తిమంతమైన డయజెపామ్ (వేలియం) 1963లో మార్కెట్లోకి వచ్చింది. ఆల్ప్రజోలామ్‌లో అదనంగా ఒక ట్రయజోల్ వలయం (మూడు నైట్రోజన్ పరమాణువులున్న చిన్న వలయం) కలిపారు.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యంగా అనిపించేది ఇదే కోవకు చెందిన లోరజెపామ్. ఆక్సజెపామ్ అనే మరో మందుకీ దీనికీ తేడా ఒక్క క్లోరిన్ పరమాణువే! అయినా ఆక్సజెపామ్ 15-20 మిల్లీగ్రాములు చేసే పని లోరజెపామ్ దాదాపు 1 మిల్లీగ్రాముతో చేస్తుంది.

మోతాదు తగ్గినంత మాత్రాన మందు మంచిదైపోదు. మత్తు, అలవాటు పడటం అలాగే ఉంటాయి. ఈ రిసెప్టార్ కొన్ని ముక్కలు కలిసి ఏర్పడుతుంది; వాటిలో ఆల్ఫా-1 అనే ముక్క ఉన్న రకం ఎక్కువగా మత్తుకు, ఆల్ఫా-2 రకం టెన్షన్ తగ్గడానికి కారణమని ఎలుకల్లో తేలింది. ఆల్ఫా-1ను కదిలించకుండా ఆల్ఫా-2 మీదే పనిచేసే అణువును తయారుచేయడమే అసలు కష్టమైన పని.