ముందు ఆ బస్సెక్కి రా

అమ్మాయీ,

కథ అందింది. 1955లో అమెరికాలో బస్సులో తెల్లవాడికి సీటివ్వనని అరెస్టైన నల్లజాతి మహిళ రోసా పార్క్స్ మీద తెలుగులో రాయాలన్న నీ ఆలోచన నాకు నచ్చింది. సాయంత్రం బస్టాప్ దగ్గరి రద్దీ బాగా పట్టుకున్నావు. నచ్చనిది నీ రోసా పార్క్స్. నెరిసిన జుట్టు, కుట్టుపని చేసీ చేసీ వాచిన కాళ్లు, లేవడానికి ఓపిక లేక కూలబడిన ముసలమ్మ. అలా రాస్తే చదివేవాళ్లు అయ్యో పాపం అని ఊరుకుంటారు.

అప్పటికి ఆవిడ వయసు 42. అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీ ఊళ్లో, నల్లజాతివాళ్ల హక్కుల కోసం పోరాడే ఎన్ఏఏసీపీ సంఘం శాఖకు ఏళ్ల తరబడి కార్యదర్శిగా పనిచేసిన మనిషి. ఆ వేసవిలోనే టెన్నెసీ వెళ్లి హైలాండర్ స్కూల్లో ఉద్యమ శిక్షణకు హాజరై వచ్చింది. ఒంటి అలసట వల్ల లేవలేదన్న మాటను తర్వాత ఆవిడే కొట్టిపారేసింది. తలొగ్గి తలొగ్గి విసిగిపోయానంది.

ఇంకో తప్పు. తెల్లవాళ్ల సీట్లో కూర్చుందని రాశావు. ముందున్న పది సీట్లు తెల్లవాళ్లవి. అవి ఖాళీగా ఉన్నా నల్లజాతివాళ్లు నిలబడే ప్రయాణం చేయాలి. ఆవిడ కూర్చున్నది వాటి వెనక, నల్లజాతివాళ్లు కూర్చోదగ్గ వరుసలో. 1955 డిసెంబర్ 1న ముందు సీట్లు నిండిపోయి ఒక్క తెల్లాయన నిలబడ్డాడు. ఆ ఒక్కడి కోసం వరుసలో ఉన్న నలుగురూ లేవాలి. తెల్లవాడు కూర్చున్న వరుసలో, నడవకు అవతలి వైపైనా సరే, వీళ్లు కూర్చోకూడదు మరి! ఈ లెక్క చెప్పకపోతే పాఠకుడికి కథే అర్థం కాదు.

ముగ్గురు లేచారు. కిటికీ పక్కనున్నాయన బయటికి వెళ్లడానికి ఆవిడ కాళ్లు పక్కకు తిప్పి దారిచ్చింది. ఆయన వెళ్లాక కిటికీ వైపు జరిగి కూర్చుంది. అరెస్ట్ చేయిస్తానని డ్రైవర్ అంటే, చేయించుకోమంది. అంతే. నువ్వు ఆవిడ చేత చెప్పించిన పేజీడు ఉపన్యాసం మొత్తం కొట్టేయ్. ఆ కిటికీ వైపు జరగడాన్ని మాత్రం తొందరపడకుండా రాయి.

లేచిన ఆ ముగ్గురినీ పిరికివాళ్లను చేశావు, అదీ మార్చు. డ్రైవర్లకు పోలీసు అధికారాలుండే ఊరది. మర్నాడు పనికి వెళ్లాల్సినవాళ్లు లేచారు. వాళ్లలో ఒకరి వైపు నుంచి రాసినా నేను ఆసక్తిగా చదువుతాను.

డ్రైవర్ జేమ్స్ బ్లేక్‌ను ఊరూపేరూ లేకుండా ఎందుకు వదిలేశావు? ముందు తలుపు దగ్గర డబ్బులిచ్చి, కిందికి దిగి, వెనక తలుపులోంచి మళ్లీ ఎక్కాలని 1943లో ఆవిడను పట్టుబట్టి దింపేసింది ఇతనే. ఆ తర్వాత పన్నెండేళ్లు ఆవిడ అతని బస్సెక్కలేదు. ఆ రోజు డ్రైవర్ ఎవరో చూసుకోకుండా ఎక్కింది. మనం కల్పిస్తే ఎవరూ నమ్మరు.

నిజానికి నీ వయసుకు క్లాడెట్ కాల్విన్ దగ్గరి మనిషి. అదే ఊళ్లో, అదే ఏడాది మార్చి 2న సీటివ్వనన్న పదిహేనేళ్ల పిల్ల. కూర్చోవడం తన రాజ్యాంగ హక్కని అరుస్తుంటే పోలీసులు బేడీలు వేసి లాక్కెళ్లారు. చిన్నపిల్ల అనీ, మరేవో లెక్కలేసుకునీ పెద్దలు ఆమెను ముందు పెట్టి ఉద్యమం నడపలేదు. కానీ 1956లో ఆ ఊరి బస్సుల్లో వేరు సీట్ల పద్ధతిని కోర్టులో కూలగొట్టిన బ్రౌడర్ వర్సెస్ గేల్ కేసులో నలుగురు వాదుల్లో ఈ పిల్ల ఉంది, రోసా పార్క్స్ లేదు.

అందరూ నెమ్మదస్తులే అనుకోకు. 1944లో వర్జీనియాలో బస్సులో సీటివ్వనన్న ఐరీన్ మోర్గాన్ అరెస్ట్ వారెంట్‌ను చించి కిటికీలోంచి పారేసింది, పట్టుకోబోయిన పోలీసు అధికారిని తన్నింది. తన్నినందుకు జరిమానా కట్టింది. సీటు విషయంలో వేసిన పది డాలర్లు మాత్రం కట్టనని సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1946లో గెలిచింది.

చివర్లో మన పల్లెవెలుగు బస్సును తెచ్చి అతికించిన పేరా తీసేయ్. మాంట్‌గోమరీలోనే ఉండు. పత్రిక గడువని టెన్షన్ పడకు, ఎడిటర్‌తో నేను మాట్లాడతాను. ముందు బస్సు లోపలి సీను ఒక్కటీ తిరగరాసి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు