పిల్లలకి ఏ ఫిల్టర్ మంచిదని అడిగేముందు, ఇంట్లో ఫోన్లెన్నో చూడండి

ఐదో తరగతి, ఎనిమిదో తరగతి చదివే ఇద్దరు పిల్లలున్నారు, వాళ్ళ ఫోన్లని అదుపులో పెట్టడానికి గూగుల్ వాళ్ళ ఫ్యామిలీ లింక్ లాంటి ఉచిత యాప్ సరిపోతుందా, కుస్టోడియో లాంటిదానికి డబ్బు కట్టాలా అని అడిగారు. ఏది కొనాలన్నది తర్వాత. పిల్లల చేతికి అందే ఫోన్లు ఇంట్లో ఎన్ని ఉన్నాయో, ఒక్కోదానికి నెట్ ఎక్కణ్ణుంచి వస్తోందో ముందు చూసుకోండి. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే మా చెల్లెలి ఇంట్లో కళ్ళారా చూశాను.

మాది గుంటూరు, వాళ్ళది విజయవాడ భవానీపురం. పిల్లాడు ఆరో తరగతి. మా మరిది శ్రద్ధగల మనిషి, రౌటర్‌లో క్లౌడ్‌ఫ్లేర్ అనే కంపెనీ వాళ్ళ ఫ్యామిలీ డీఎన్‌ఎస్, అదే 1.1.1.3, పెట్టాడు. డీఎన్‌ఎస్ అంటే మనం అడిగిన సైటు పేరు చూసి అది ఎక్కడుందో ఫోనుకి చెప్పేది. 2020లో వచ్చింది, పైసా ఖర్చు లేదు. బూతు సైట్లు, వైరస్ సైట్లు దాంట్లో తెరుచుకోవు. ఒక్కసారి రౌటర్‌లో పెడితే ఆ వైఫై వాడే టీవీకీ ల్యాప్‌టాప్‌కీ ఫోనుకీ అన్నిటికీ వర్తిస్తుంది. రాత్రి తొమ్మిదికి పిల్లాడి ఫోనుకి వైఫై ఆగిపోయేలా కూడా చేశాడు. ఇంక దిగుల్లేదనుకున్నారు.

మే నెలలో ఓ మధ్యాహ్నం నేను అక్కడుండగా కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ రౌటర్‌కి ఆ లైను లేదు, దాని మీద లైట్లన్నీ ఆరిపోయాయి. లోపలి గదిలోంచి వీడియో మోత మాత్రం ఆగలేదు. మా చెల్లెలు నా వంక చూసింది. ఇద్దరం వెళ్ళాం. వాడు మంచం మీద బోర్లా పడుకుని చూస్తున్నాడు. పక్కన నిద్రపోతున్న వాళ్ళ నాయనమ్మ దిండు కింద ఆవిడ ఫోను, హాట్‌స్పాట్ ఆన్‌లో ఉంది, పట్టుకుంటే పెనంలా కాలుతోంది. ఆవిడ కూతురితో మాట్లాడుకోడానికి వేయించుకునే రీచార్జిలో రోజుకి ఇంతని డేటా వస్తుంది కదా, అదంతా వీడికే పోతోంది. "నా నెట్టు ఎవరో వాడేస్తున్నార్రా, తొంభై శాతం అయిపోయిందని రోజూ మెసేజ్ వస్తోంది" అని పాపం ఆవిడ కొడుక్కి ఎన్నోసార్లు చెప్పిందట. నువ్వు చూసే ప్రవచనాలకే అవుతోందిలే అమ్మా అని ఆయన కొట్టిపారేశాడు. ఇంట్లో పెద్దవాళ్ళు ఫోను గురించి ఏదన్నా చెబితే ఎవరూ చెవిన పెట్టరు, దానికి నాకు చాలా కోపం.

వాడు చూస్తున్నది బూతు సైటేం కాదు. ఎవడో తెలుగు కుర్రాడు గేమ్ ఆడుతూ నోటికొచ్చిన తిట్లు తిట్టే యూట్యూబ్ వీడియో. దాని కింద రంగు చెప్పి డబ్బు గెలుచుకోమనే బెట్టింగ్ గ్రూప్ లింకు. 1.1.1.3 ఉన్నా ఇది ఆగేది కాదు. డీఎన్‌ఎస్ ఫిల్టర్‌కి తెలిసేది సైటు పేరు ఒక్కటే. యూట్యూబ్‌ని తెరవనిచ్చాక లోపల ఏ వీడియో నడుస్తోందో దానికి కనపడదు. పైగా అది జూదం సైట్లను ఆపడానికి పెట్టింది కాదు. డబ్బుతో ఆడే ఆటల్నీ వాటి ప్రకటనల్నీ నిషేధిస్తూ 2025లో పార్లమెంటు చట్టమే చేసింది. అయినా ఆ లింకులు పిల్లల దాకా వస్తూనే ఉన్నాయి. 2018లో 827 బూతు సైట్లు ఆపమని కేంద్రం ఆదేశించినప్పుడూ అంతే, పేరు కాస్త మార్చుకుని మళ్ళీ వచ్చినవి ఉన్నాయి. ప్రభుత్వం ఆపేసిందిలే అని మనం నిశ్చింతగా ఉంటే కుదరదు.

అందుకని కాపలా వైఫైకి కాదు, పిల్లాడి చేతిలో ఉన్న ఫోనుకి ఉండాలి. ఆండ్రాయిడ్ అయితే ఫ్యామిలీ లింక్ చాలు. నెట్ ఏ హాట్‌స్పాట్ నుంచి వచ్చినా టైమ్ అయ్యేసరికి ఫోను లాక్ అయిపోతుంది, మీరు ఒప్పుకోకుండా ప్లే స్టోర్ నుంచి యాప్ దిగదు. వాట్సాప్‌లో ఎవరేం రాశారో అది చూపించదు, చూపించకపోవడమే మంచిది. దానితోపాటు సెట్టింగుల్లో ప్రైవేట్ డీఎన్‌ఎస్ అని ఉంటుంది, అందులో క్లౌడ్‌ఫ్లేర్ ఫ్యామిలీ అడ్రసు (1.1.1.3 అంకెలు కాదు, family.cloudflare-dns.com అనే పేరు) పెడితే మొబైల్ డేటా మీద కూడా పనిచేస్తుంది. కాకపోతే కాస్త తెలిసిన పిల్లలు దాన్ని తీసేయగలరు, అప్పుడప్పుడు చూస్తుండాలి. ఐఫోన్‌కి ఇలా టైమ్ కట్టడి చేసే స్క్రీన్ టైమ్ అనేది 2018 నుంచి దాంట్లోనే వస్తోంది. విండోస్ కంప్యూటర్‌కి మైక్రోసాఫ్ట్ ఫ్యామిలీ సేఫ్టీ ఉంది గానీ దాని వెబ్ ఫిల్టర్ పనిచేసేది ఎడ్జ్ బ్రౌజర్‌లోనే. అది ఆన్ చేస్తే క్రోమ్ తెరుచుకోవట్లేదని పిల్లలు గోల చేస్తారు, దానికి మీరు లొంగకండి.

పిల్లలకి తెలియకుండా పెట్టి మెసేజ్‌లన్నీ చదివే యాప్‌లు కొన్ని ఉన్నాయి, వాటి జోలికి మాత్రం వెళ్ళొద్దని చేతులు జోడించి చెప్తున్నాను. మా బంధువొకాయన పదో తరగతి కూతురి ఫోనులో అలాంటిది పెట్టాడు. ఆ పిల్ల కనిపెట్టింది. ఆ రోజు నుంచి ఇంట్లో నోరు విప్పడం మానేసింది. ఆ పిల్లకి రేపు ఎవడైనా ఫొటోలు పంపమని వేధిస్తే ఎవరికి చెప్పుకుంటుంది? పైగా ఆ మెసేజ్‌లన్నీ ఎవడి కంపెనీ కంప్యూటర్లోనో పడతాయి. ఎంస్పై అనే అలాంటి యాప్ కస్టమర్ల వివరాలు 2024లో బయటికి పొక్కాయి కూడా.

మా మరిది ఆ సాయంత్రమే పిల్లాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, వాడికి చూపిస్తూనే ఫ్యామిలీ లింక్ పెట్టాడు. ఎన్ని గంటలన్నది ఇద్దరూ బేరమాడుకుని తేల్చుకున్నారు. నాయనమ్మ ఫోనుకి 1234 తీసేసి కొత్త పిన్ పెట్టి, అది ఆవిడకి మాత్రమే చెప్పారు.

ఇంకోటి స్కూళ్ళు. ఫోన్ ఇవ్వొద్దని మీటింగ్‌లో మనకి క్లాసు పీకేది వాళ్ళే, రాత్రి ఎనిమిదికి హోమ్‌వర్క్ వాట్సాప్‌లో పెట్టేదీ వాళ్ళే. డైరీలో రాయిస్తే ఏం పోతుందో నాకర్థం కాదు. మీ పిల్లల స్కూల్లో కూడా ఇదే తంతయితే పది మంది తల్లిదండ్రులు కలిసి వెళ్ళి అడగండి, ఒక్కరు అడిగితే పట్టించుకోరు.

ఇక మీరడిగిన డబ్బు సంగతి. ఇద్దరు పిల్లలవీ ఆండ్రాయిడ్ ఫోన్లే అయితే ఒక్క రూపాయి కూడా పెట్టక్కర్లేదు. ఒకరికి ఐఫోన్, ఒకరికి ఆండ్రాయిడ్, మధ్యలో విండోస్ ల్యాప్‌టాప్ ఉండి అన్నీ ఒకేచోట చూసుకోవాలంటే అప్పుడు కుస్టోడియో కొనండి. అదైనా ముందు ఉచితంగా ఒక ఫోనులో పెట్టి, కొన్నాళ్ళు వాడి చూశాకే.