రేడియేషన్ మొదలెట్టే ముందు అన్ని రోజులు ఎందుకు ఆపుతారు?

మీ మామయ్యగారికి దవడ క్యాన్సర్ నాలుగో స్టేజ్, ఆపరేషన్ అయింది, ఇప్పుడు 'ప్లానింగ్' అంటూ పది రోజులుగా తిప్పుతున్నారు, ఈలోగా ముదిరిపోదా అని అడిగారు. మా నాన్నప్పుడు నేనూ ఇలాగే గింజుకున్నాను.

ముందు ఆ స్టేజ్ మాట. నోటి క్యాన్సర్ దవడ ఎముకలోకి దిగితే, ఒంట్లో ఇంకెక్కడికీ పాకకపోయినా నాలుగే అంటారు. ఆఖరి రోజులని కాదు. నాన్న ముప్పై ఏళ్ళు ఖైనీ ఎడమ పుక్కిటే పెట్టేవారు. మొదట అటువైపు పన్ను కదిలింది, పీకించాం. నెలన్నరైనా ఆ గుంట పూడలేదు. తర్వాత గడ్డం మొద్దుబారడం, చెవిపోటు, మెడలో గోలీకాయంత గడ్డ. మూడు వేళ్ళు పట్టాల్సిన నోట్లో ఒక్కటే పట్టేది. ఇడ్లీ చిదిపి పక్కనించి తోసేవాళ్ళం.

ఇక ప్లానింగ్. మాస్క్ చేసేటప్పుడు నన్ను లోపల ఉండనిచ్చారు. వలలాంటి ప్లాస్టిక్ పలక వేడినీళ్ళలో వేస్తే తడిసిన అప్పడంలా మెత్తబడింది. మొహం మీంచి భుజాలదాకా లాగి బిగించారు. కాసేపటికే ముక్కూ గడ్డం అచ్చు దిగి గట్టిపడింది. దాంతోనే సీటీ స్కాన్. ఆ తర్వాతిది మనకి కనపడని పని: స్కాన్‌లోని ఒక్కో స్లైసు (పొర బొమ్మ) మీద డాక్టరు గీతలు గీస్తారు, రేడియేషన్ ఎక్కడ పడాలో, వెన్నుపాము, లాలాజల గ్రంథుల్లాంటివి ఎలా కాపాడాలో. ఫిజిసిస్టు (రేడియేషన్ మోతాదు లెక్కలు చూసే నిపుణుడు) లెక్కకట్టి మెషీన్ మీద సరిచూస్తారు. నాన్నకి 60 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత), వారానికి అయిదు చొప్పున 30 సిట్టింగులు. వెన్నుపాముకి మాత్రం 45 గ్రే దాటకుండా చూస్తామన్నారు.

ఈ ఖాళీలో పళ్ళ డాక్టరుకి చూపించారా? పుచ్చుపళ్ళుంటే ఇప్పుడే తీయించాలి. రేడియేషన్ పడ్డ ఎముకకి మానే శక్తి తగ్గిపోతుంది, తర్వాత పీకితే దవడ ఎముకే చచ్చుబడొచ్చు. పీకిన గుంట మానడానికే రెండు వారాలు పడుతుంది.

మేం చేసిన తప్పు ఒకటుంది. మూడో వారానికి నోరంతా పూసి నాన్న మింగలేకపోయారు. ముక్కులో పైపు వద్దని మేమే మొండికేశాం. ఆరు కిలోలు తగ్గేసరికి మాస్క్ వదులైపోయింది. మళ్ళీ మాస్క్, మళ్ళీ సీటీ, మళ్ళీ ప్లాను. చివరికి పైపు పెట్టించుకోక తప్పలేదు, రాగిజావ అందులోంచే పోశాం.

ముదిరిపోదా అన్నదానికి: ఆపరేషనైన ఆరు వారాల్లోపు రేడియేషన్ మొదలవ్వాలని మాకు చెప్పారు. మీకు ఇప్పటికి ఎన్ని వారాలైందో లెక్కపెట్టుకుని, మొదటి సిట్టింగు తేదీ ఎప్పుడో రేపే గట్టిగా అడగండి.