వాన్ హేలెన్ తొలి ఆల్బమ్: గిటార్ నేర్చుకునేవారి ప్రశ్నలకు జవాబులు

అమెరికా రాక్ బ్యాండ్ వాన్ హేలెన్ 1978 ఫిబ్రవరి 10న విడుదల చేసిన ‘వాన్ హేలెన్’ ఆల్బమ్ మీద తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వచ్చిన ఉత్తరాలకు ఈసారి జవాబులు ఇస్తున్నాం. దాదాపు అందరి సందేహమూ ఒకటే: ఆ బ్యాండ్ గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్ గిటార్ శబ్దం మా గిటార్‌లో ఎందుకు పలకదు?

ప్రశ్న: బస్సులో ఒక చెవికే ఇయర్‌ఫోన్ పెట్టుకుని వింటుంటే గిటార్ ఎక్కడో దూరంగా వినిపిస్తోంది. పాట ఫైలు పాడైందా? (తిరుచానూరు)

ఫైలు బాగానే ఉంది. మీరు పెట్టుకున్నది కుడి ఇయర్‌ఫోన్ అయి ఉంటుంది. ఈ ఆల్బమ్‌లో గిటార్‌ను ఎడమ పక్కకు, దాని ప్రతిధ్వనిని కుడి పక్కకు పెట్టారు. నిర్మాత టెడ్ టెంపుల్‌మన్, ఇంజినీర్ డాన్ లాండీ హాలీవుడ్‌లోని సన్‌సెట్ సౌండ్ స్టూడియోలో బ్యాండ్‌ను చాలావరకు ఒకేసారి వాయించమని రికార్డు చేశారు. గిటార్ మీద గిటార్ పేర్చడం తక్కువ. ఒక్క గిటారే అయినా రెండు వైపులా నిండుగా అనిపించడానికి ఈ అమరికే కారణం.

ఇంట్లో రికార్డు చేసుకునేవారు ఇదే చేయవచ్చు. గిటార్ ట్రాక్‌ను పూర్తిగా ఎడమకు తిప్పండి. వేరే ట్రాక్‌లో మోనో రివర్బ్ (ప్రతిధ్వని ఎఫెక్ట్) పెట్టి, దాన్ని కుడికి తిప్పి, గిటార్‌ను అందులోకి పంపండి. రివర్బ్ నిడివి 1.5 నుంచి 2 సెకన్లు చాలు. ఆ రివర్బ్‌లో మిక్స్ (ప్రతిధ్వని పాలు) 100 శాతం ఉండాలి. 30 శాతం దగ్గర వదిలేస్తే అసలు గిటార్ కూడా కుడివైపు వచ్చేసి శబ్దం మధ్యలో ముద్దకడుతుంది. చాలామంది పొరపాటు ఇక్కడే. కల్యాణ మండపంలో కచేరీకి మాత్రం ఇలా చేయకండి. కుడివైపు కూర్చున్నవారికి గిటార్ వినపడదు.

ప్రశ్న: వయొలిన్ నేర్చుకున్నాను, ఇప్పుడు గిటార్ పట్టాను. రికార్డుతో కలిపి వాయిస్తే శ్రుతి కలవడం లేదు. (తిరుపతి)

ఈ ఆల్బమ్‌లో గిటార్‌ను మామూలు కంటే సుమారు అర శ్రుతి కిందికి దించారు. లావు తీగ మూడు శ్రుతిలో ఉండాల్సింది రెండున్నరకు వస్తుందన్నమాట. లావు తీగ నుంచి వరసగా ఈ ఫ్లాట్, ఏ ఫ్లాట్, డీ ఫ్లాట్, జీ ఫ్లాట్, బీ ఫ్లాట్, ఈ ఫ్లాట్. ట్యూనర్‌తో సరిచేశాక రికార్డు విని చెవితో మళ్లీ సవరించుకోండి, కాస్త అటూ ఇటూ ఉంటుంది. వయొలిన్ చెవి మీకు అక్కడ అక్కరకొస్తుంది. మీ గిటార్‌కు స్ప్రింగుల బ్రిడ్జి (తీగల చివర్లు ఆనే భాగం) ఉంటే ఒక తీగ దించగానే మిగతావి పైకి జరుగుతాయి. కంగారు పడకుండా అన్ని తీగలనూ వరసగా మూడు నాలుగుసార్లు సరిచేసి కుదర్చండి. బ్రిడ్జి వెనక్కి కుంగితే వెనుక పలకలో ఉన్న రెండు మరలను అర చుట్టు వదులు చేయండి.

ప్రశ్న: ఎడ్డీ వేరియాక్ (ఓల్టేజిని పెంచే, తగ్గించే పరికరం) పెట్టి ఆంప్‌కి (యాంప్లిఫయర్‌కి) ఓల్టేజి తగ్గించినాడంట కదా సార్. మా ఊర్లో సాయంత్రమైతే ఎట్లాగూ లో ఓల్టేజే. స్టెబిలైజర్ తీసేస్తే ఆ సౌండు వస్తుందా? (చిత్తూరు దగ్గర పల్లె)

రాదు. స్టెబిలైజర్ తీయనే వద్దు.

ఎడ్డీది మార్షల్ కంపెనీ 100 వాట్ల ట్యూబ్ ఆంప్, అంటే ట్రాన్సిస్టర్లకు బదులు గాజు ట్యూబులతో నడిచేది. నాబులన్నీ చివరిదాకా తిప్పి వాయిస్తే చెవులు పగిలే శబ్దం. అందుకని అమెరికాలో 120 దగ్గర వచ్చే ఓల్టేజిని వేరియాక్‌తో 90 దగ్గరికి దించాడు. ట్యూబులకు అందే ఓల్టేజి తగ్గి, శబ్దం కాస్త చిన్నదై, మెత్తగా నొక్కినట్టు అవుతుంది. మన 230 ఓల్టుల లెక్కలో అది 172 దగ్గర. దీనికి మూల్యం ఉంది. ట్యూబ్ లోపలి ఫిలమెంటుకు 6.3 ఓల్టులు అందాల్సింది 4.7కు పడిపోతుంది, బయాస్ (ట్యూబు పనిచేసే స్థాయి అమరిక) తప్పుతుంది, ట్యూబులు త్వరగా చెడతాయి. ఆయన ఓల్టేజి పెంచాడని అప్పట్లో ఒక ప్రచారం నడిచింది. అది నమ్మి పెంచారంటే కెపాసిటర్లు, ట్రాన్స్‌ఫార్మర్ మాడిపోతాయి.

మీది ట్రాన్సిస్టర్ ఆంప్ అయితే ఈ చర్చే అక్కర్లేదు. ఓల్టేజి తగ్గినా ఆ తరహా శబ్దం రాదు. మరీ తగ్గితే బుయ్‌మంటూ ఆగిపోతుంది. పల్లెల్లో పడిపోయిన కరెంటు ఒక్కసారిగా పైకి లేచినప్పుడు అసలు నష్టం. వేరియాక్‌లో ఇంకో ప్రమాదం, అది లైను నుంచి మనల్ని వేరు చేయదు, షాక్ నుంచి రక్షణ ఇవ్వదు. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన 120 ఓల్టుల ఆంప్ అయితే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. 100 వాట్ల ట్యూబ్ ఆంప్‌కు 500 వీఏ సామర్థ్యం ఉన్నది తీసుకోండి.

ఆ శబ్దానికి దగ్గరి దారి ఓల్టేజిలో లేదు, డిస్టార్షన్‌ను (శబ్దంలోని గరగరను) పెంచే, తగ్గించే గెయిన్ నాబ్‌లో ఉంది. రికార్డును శ్రద్ధగా వినండి, మీరు అనుకున్నంత డిస్టార్షన్ అందులో లేదు. తీగ మీద పిక్ తగిలే చప్పుడు కూడా విడిగా వినిపిస్తుంది. గెయిన్ 10లో 5 లేదా 6, బేస్ 4, మిడ్ 7, ట్రెబుల్ 6 పెట్టి, బ్రిడ్జి పక్క పికప్ (తీగ కదలికను కరెంటు సంకేతంగా మార్చే భాగం) ఒక్కటే వాడండి. మిడ్ తగ్గించకండి. తగ్గిస్తే గదిలో బాగుంటుంది, డ్రమ్స్ కలవగానే గిటార్ మునిగిపోతుంది.

ప్రశ్న: గెయిన్ కాస్త పెంచితే చాలు, గిటార్ ఈల వేస్తోంది. (శ్రీకాళహస్తి)

ఆంప్‌కు దూరం జరిగి చూడండి. అప్పటికీ ఆగకపోతే పెన్సిల్‌తో పికప్ మీద మెల్లగా తట్టండి. స్పీకర్‌లో టక్కుమని వినిపిస్తే పికప్ లోపలి చుట్టలు వదులై కదులుతున్నట్టు. ఎడ్డీకీ ఇదే బాధ. 50 డాలర్ల బాడీ, 80 డాలర్ల నెక్ కలిపి చేసుకున్న గిటార్‌లో పాత గిబ్సన్ కంపెనీ పికప్ పెట్టి, దాన్ని పారాఫిన్ మైనంలో ముంచాడు.

200 గ్రాముల పారాఫిన్, 50 గ్రాముల తేనెమైనం స్టీలు గిన్నెలో వేసి, ఆ గిన్నెను నీళ్లున్న పెద్ద గిన్నెలో పెట్టి కరిగించండి. నేరుగా మంట మీద పెడితే మైనం అంటుకుంటుంది. వేడి 65 డిగ్రీలు దాటకూడదు, దాటితే లోపలి ప్లాస్టిక్ వంకరపోతుంది. థర్మామీటర్ లేకుండా ఈ పని మొదలుపెట్టకండి. పికప్‌ను వైరుతో వేలాడదీసి 15 నుంచి 20 నిమిషాలు, బుడగలు ఆగేదాకా ఉంచి, తీసి తుడవండి. ముందూ, చల్లారిన తర్వాతా మల్టీమీటర్‌తో కొలవండి. హంబకర్ (రెండు చుట్టల పికప్) అయితే సాధారణంగా 7 నుంచి 9 కిలో ఓమ్‌లు చూపుతుంది, రెండుసార్లూ ఒకటే రావాలి. మే నెలలో అలిపిరి దగ్గర ఎండలో ఆపిన కారులో గిటార్ వదిలేస్తే మైనంతో పాటు జిగురు కూడా మెత్తబడుతుంది.

ప్రశ్న: ఈ ఆల్బమ్‌లోని గిటార్ సోలో ‘ఎరప్షన్’లో ట్యాపింగ్ (కుడిచేతి వేలితో కూడా ఫ్రెట్ల మీద తీగను కొట్టి పలికించడం) భాగం ఎంత సాధన చేసినా గజిబిజిగా వస్తోంది. (పుత్తూరు)

ఒక నిమిషం 42 సెకన్ల ఈ ముక్క ఆల్బమ్ కోసం అనుకున్నది కాదు. స్టూడియోలో ఆయన చేయి వేడెక్కడానికి వాయించుకుంటుంటే విని రికార్డు చేశారు. ట్యాపింగ్ మొదలయ్యేచోట సన్న తీగ వైపు నుంచి రెండో తీగ మీద కుడిచేతి వేలితో 9వ ఫ్రెట్ కొట్టండి, ఆ వేలితోనే తీగను పక్కకు లాగి వదిలితే 2వ ఫ్రెట్ పలుకుతుంది, వెంటనే ఎడమ చిటికెన వేలితో 5వ ఫ్రెట్ కొట్టండి. చూపుడువేలు 2వ ఫ్రెట్ మీద నుంచి లేవకూడదు. మెట్రోనోమ్ 60 దగ్గర ఒక్కో దెబ్బకు మూడు స్వరాలు, తిశ్రంలో వాయించండి. స్థిరపడ్డాక నాలుగేసి పెంచండి.

గజిబిజికి ప్రధాన కారణం రెండో స్వరం సన్నబడటం. వేలిని నిటారుగా పైకి ఎత్తేస్తున్నారు, పక్కకు మీటాలి. ఇంకోటి, పక్క తీగలు మోగటం. సాధనలో మొదటి ఫ్రెట్ దగ్గర జుట్టుకు పెట్టుకునే రబ్బరు బ్యాండు చుట్టండి. ముందు డిస్టార్షన్ లేకుండా మూడు స్వరాలూ సమంగా పలికేదాకా ఆగండి. ఎడ్డీ పిక్‌ను బొటనవేలు, మధ్యవేలు మధ్య పట్టుకునేవాడు, అందుకే ట్యాపింగ్‌కు చూపుడువేలు ఖాళీగా దొరికేది. ఫేజ్ 90 పెడల్ (శబ్దం సుడి తిరిగినట్టు చేసే ఎఫెక్ట్) ఉంటే దాని నాబ్ గడియారంలో 9, 10 గంటల మధ్య చాలు.

ప్రశ్న: కాలేజీ బ్యాండ్‌కి ఈ ఆల్బమ్‌లో ఏ పాటతో మొదలుపెట్టాలి? (చిత్తూరు)

‘ఎయింట్ టాకిన్ బౌట్ లవ్’. ఏ మైనర్ కార్డ్ ఆకారాన్ని విడివిడి తీగలుగా మీటుతూ, అరచేయి అంచు బ్రిడ్జి మీద ఆనించి వాయిస్తే సగం పాట వచ్చేసినట్టే. సోలోలో గిటార్‌తో పాటు ఎలక్ట్రిక్ సితార్ కూడా మోగుతుంది. మీ దగ్గర లేకపోయినా ఫరవాలేదు, అదే వరసను రెండో గిటార్‌తో వాయించండి. బేస్ వాయించే మైఖేల్ ఆంథొనీ పై స్థాయిలో పాడే తోడు గొంతు లేకపోతే మాత్రం ఈ బ్యాండ్ పాటలు బోసిపోతాయి. మీలో పై స్థాయి అందే గొంతు ఎవరిదో ముందు తేల్చుకుని, గిటార్ సంగతి తర్వాత చూడండి.