సమాధానం: 70వ నిమిషం తర్వాత గోల్స్ పడటం గురించి

బ్రదర్, ఫుట్‌బాల్ మేనేజర్ గేమ్‌లో 4-2-3-1 ఫార్మేషన్‌తో గెగెన్‌ప్రెస్ (బంతి పోగానే మీదపడి లాక్కునే పద్ధతి) పెడితే ఫస్టాఫ్ అదిరిపోయి, 70వ నిమిషం దాటాక మీ టీమ్‌పై వరసగా గోల్స్ పడుతున్నాయన్నారు కదా, తప్పు ఫార్మేషన్‌ది కాదు. మీ సెంటర్ బ్యాక్‌ల (గోల్ ముందు మధ్యలో కాపు కాసే డిఫెండర్లు) పేస్, అంటే వేగం, 20కి 9, 10 అని మీరే రాశారు. అంత నెమ్మది వాళ్లతో డిఫెన్సివ్ లైన్ (డిఫెండర్లు నిలబడే వరస) పైకి జరిపితే వెనకున్న ఖాళీ అంతా అవతలి స్ట్రైకర్‌కి రాసిచ్చినట్టే. ముందు లైన్‌ని స్టాండర్డ్‌కి దించండి. లీడ్‌లో ఉన్నప్పుడు ప్రెస్సింగ్ కూడా ఒక మెట్టు తగ్గించండి. స్టామినా, వర్క్ రేట్ తక్కువున్న మిడ్‌ఫీల్డర్లు అంతసేపు పరిగెత్తలేరు, 60 దగ్గరే ఇద్దర్ని మార్చేయండి. డిఫెన్స్ ముందు ఆడే ఇద్దరు మిడ్‌ఫీల్డర్లలో ఒకరికి వెనకే కాపలా ఉండే రోల్ ఇవ్వాలి, మీరు ఇద్దర్నీ ముందుకే తోలుతున్నారు. ట్రాన్స్‌ఫర్ విండోలో మెరిసే నంబర్ 10 (స్ట్రైకర్ వెనక ఆడే అటాకర్) జోలికి పోకుండా (నేను పోయి బడ్జెట్ తగలేశాను) పేస్, యాక్సిలరేషన్ 14 పైనున్న సెంటర్ బ్యాక్‌ని వెతకండి. వాడు దొరికాక లైన్ మళ్లీ పైకి జరుపుకోవచ్చు.