గోడకెక్కే చేప కొలతల గురించి పెదనాన్న ఉత్తరం

చిరంజీవి చిన్నాకు పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు అక్కడ అమెరికాలో, మిన్నెసోటా రాష్ట్రపు మిల్ లాక్స్ సరస్సులో 51 అంగుళాల మస్కీని, అదే ఆ పళ్ళున్న పెద్ద వేట చేపను పట్టి, కొలిచి, మళ్ళీ నీళ్ళలోకి వదిలేశావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. చెప్పాడనడం కంటే అరిచాడనడం నయం. మీ పెద్దమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చి ఎవరికేమైందని కంగారు పడింది. పదివేల సార్లు విసిరితే గాని దొరకని చేప అని అక్కడివాళ్ళు అనేది మా ఇద్దరికీ బాగా తెలుసు కాబట్టి, ఆ పూట నేనూ కాస్త గట్టిగానే మాట్లాడాను. పక్కింటి చెరువుల ఆసామికి కూడా చెప్పాను. భీమవరంలో చేప గురించి గొప్ప చెప్పుకోవడం అంత తేలిక కాదు. ఆయన "అమ్మితే కిలో ఎంత?" అని అడిగాడు.

ఆ తరువాత మీ నాన్న మిగతా సంగతి చెప్పాడు. దానికి ఫైబర్‌గ్లాస్ రెప్లికా, అంటే అచ్చం దానిలాంటి నమూనా చేయించి కొత్త ఇంటి హాల్లో పెట్టుకుంటావట. నవంబరులో ఇంకా పెద్దదాని కోసం మళ్ళీ వెళ్తావట. రెప్లికా గురించి నాకు తెలిసింది చెబుతాను. నవంబరు గురించి నువ్వు అడగకపోయినా చెబుతాను.

రెప్లికా చేయించుకోవాలనుకోవడం మంచి పని. అసలు చర్మం ఒలిచి చేసే పాత పద్ధతి ఈ చేపకు నప్పదు. మస్కీ తలలో, చర్మంలో నూనె ఎక్కువ. కొన్నేళ్ళకు అది ఊరి పైకి వచ్చి రంగు పసుపెక్కుతుంది, తల ముడుచుకుపోతుంది. పైగా అందుకు చేపను చంపాలి. మిన్నెసోటా లోపలి సరస్సుల్లో 54 అంగుళాలకు తక్కువ ఉన్న మస్కీని 2015 నుంచి ఉంచుకోనివ్వరు కాబట్టి, నీ చేపకు ఆ దారి ఎలాగూ లేదు. ఈ పనివాళ్ళ దగ్గర అసలు చేపల మీద తీసిన అచ్చులు ఉంటాయి. నువ్వు చెప్పిన పొడవుకూ లావుకూ దగ్గరగా ఉన్న అచ్చులో పోసి, రెక్కలు, గాజు కళ్ళు అమర్చి, నీ ఫోటో చూస్తూ రంగులు వేస్తారు. ధర అంగుళానికి ఇంత అని ఉంటుంది. నీ చేపకు వెయ్యి డాలర్లు దాటుతుంది. సగం ముందు ఇవ్వాలి. ఆరు నెలలకు తక్కువ ఏ మంచి పనివాడూ ఇవ్వడు, ఏడాదైనా ఆశ్చర్యపోకు. తొందరపెట్టకు.

పనివాణ్ణి ఎంచుకునేటప్పుడు వెబ్‌సైటులో పెట్టిన అందమైన నాలుగు చేపలను చూసి మురిసిపోకు. తెచ్చిన ఫోటో పక్కన, వేసిన చేపను పెట్టి చూపించమను. చూపించలేనివాడు అన్ని చేపలకూ ఒకే రంగు వేస్తాడని అర్థం. ఒకచోట మస్కీని పోలిన పైక్ అనే చేప అచ్చులో పోసి మస్కీ రంగు వేసి ఇచ్చింది కూడా చూశాను. తోక కొసలు గుండ్రంగా ఉన్నాయి. మస్కీకి కొసలు కోసుగా ఉంటాయి. దవడ కింద ఒక్కో పక్క సన్నటి రంధ్రాలు ఆరో, అంతకంటే ఎక్కువో ఉండాలి. పైక్‌కు ఐదుకు మించవు. పెట్టె విప్పగానే అది తిరగేసి చూడు. పనివాడికి కోపం వస్తే రానీ.

ఇక కొలతలు. ఇక్కడే నాకు భయం. 51 అంగుళాలన్నావు. అది కొలత గీతలున్న పలక మీద, నోరు మూసి, తోక కొసలు దగ్గరికి నొక్కి చూసిన 51 ఏనా? నువ్వు అబద్ధం చెబుతావని కాదు. మీ వంశం సంగతి నాకు తెలుసు కనుక అడుగుతున్నాను.

మీ ఇంటి బేస్‌మెంటులో ఉన్న ఆ 50 అంగుళాల చేప కథ నీకు పూర్తిగా తెలియదు. అది లీచ్ లేక్‌లో, మస్కీలు పట్టడానికి అనుమతి మొదలయ్యే జూన్ మొదటి శనివారం నాడు పడింది. వల పట్టింది నేను. పలక మీద కొలిచింది మీ నాన్న, పక్కనే నిలబడి చూసింది నేను. 46. చక్కటి చేప. గుడ్లు పెట్టి ఎన్నాళ్ళో కాలేదు కాబట్టి పొట్ట లోపలికి పోయి, సన్నగా, చురుగ్గా ఉంది. తోక పై కొస దగ్గర పాత చిరుగు ఒకటి, చిన్న వేలు దూరేంత. నడుం చుట్టుకొలత ఎవరూ తీయలేదు. ఒక్క ఫోటో తీసి వదిలేశాం. ఒక్క విసురుతో నీళ్ళు మా ఇద్దరి ముఖాల మీద చల్లి పోయింది. అంతటితో ఊరుకుని ఉంటే బాగుండేది.

తిరుగు దారిలో వాకర్ ఊరు దాటేసరికి ఆ చేప 47 అయింది. బ్రెయినర్డ్‌లో కాఫీకి ఆగినప్పుడు, అక్కడ ఎవరో అడిగితే 48. ఇంటికి చేరి రెప్లికా చేసే ఆయనకు ఫోను చేసేసరికి 50. నేను పక్కనే ఉండి "46 కదరా" అంటే, "అచ్చుల్లో 46 దొరకదేమో అన్నయ్యా, సమానంగా చెబుదాం" అన్నాడు. సమానమట! నడుం కొలత ఎంతని ఆయన అడిగాడు. తీయని కొలతను మీ నాన్న తడుముకోకుండా 24 అన్నాడు.

నీకు ఆ లెక్క తెలుసు కదా. పొడవును నడుం కొలతతో రెండుసార్లు హెచ్చించి 800తో భాగించడం. మా చేప నడుం నా అంచనాకు 19, అంటే బరువు 21 పౌన్లకు మించదు. మీ నాన్న చెప్పిన అంకెలకు అది 36 అయింది. జూన్‌లో బక్కచిక్కిన చేప, ఫోను పెట్టేసేలోపు శీతాకాలానికి ముందు తిని బలిసిన చేప అయిపోయింది. పనివాడు మంచివాడు. ఫోటో చూసి మళ్ళీ ఫోను చేసి, "ఇందులో చేప సన్నగా ఉంది, కొలతలు ఖాయమేనా" అని అడిగాడు. ఖాయమన్నాడు మీ నాన్న. అడిగిన చేపనే ఆయన చేసి ఇచ్చాడు, అందులో ఆయన తప్పు రవ్వంత లేదు.

పెట్టె వచ్చిన రోజు ఇద్దరం మోసుకుని కిందికి దించాం. అద్దంలా మెరిసిపోతోంది. చూసినవాళ్ళందరూ అబ్బో అన్నారు. మీ నానమ్మ అప్పుడు అక్కడే ఉంది. "పులుసుకు పనికిరాని చేపకు ఇంత ఖర్చా" అని ఒకటే గొడవ. అది వేరే సంగతి. మీ నాన్న చేప కింద చిన్న బల్ల వేసి, ఆ ఫోటోకు ఫ్రేము కట్టించి దాని మీద పెట్టాడు. అదే ముంచింది. మస్కీలు పట్టి పండిపోయిన ముసలాయన ఒకడు ఒకసారి భోజనానికి వచ్చాడు. ఫోటో చూశాడు, గోడ చూశాడు, మళ్ళీ ఫోటో చూశాడు. అక్కడితో చేపల మాట మాని వాతావరణం గురించి మాట్లాడాడు. మీ నాన్న చెవులు ఎర్రబడటం నేను చూశాను.

ఆ తరువాత నువ్వు. అప్పుడు నువ్వు బల్ల అంచుకు గడ్డం ఆనించి నిలబడేంత ఉన్నావు. ఫోటోలో తోక చిరుగు మీద వేలు పెట్టి, పైకి చూసి, "నాన్నా, దీని తోక మానిపోయిందా" అని అడిగావు. మీ నాన్న ఒక్క క్షణం ఆగి, "మానిపోయిందిరా" అన్నాడు. మరునాటికి ఆ ఫోటో సొరుగులోకి వెళ్ళిపోయింది. చూడు ఎంత విడ్డూరమో. నిజంగా పట్టిన చేపను సొరుగులో దాచుకుని, ఎవరూ పట్టని చేపను గోడ మీద పెట్టుకున్నాడు. మేడలు కట్టి పెళ్ళిళ్ళు చేసినవాడు, నాలుగంగుళాల దగ్గర చిక్కుకున్నాడు. 46 అంగుళాల మస్కీని పట్టలేక ఆశ వదులుకున్నవాళ్ళు ఆ రాష్ట్రంలో ఎంతమందో! మీ నాన్నకు మాత్రం అది చాలలేదు.

ఇది నీకు చెప్పినందుకు మీ నాన్న నన్ను తిడతాడు. తిట్టనీ. వాడు చాలా మంచివాడు, కొలతల దగ్గర తప్ప.

కాబట్టి పలక మీద ఎంత చూశావో అంతే చెప్పు. 50 ముప్పావు అయితే 50 ముప్పావు అని రాయి. నడుం కొలత తీశావా? తీయకపోతే తీయలేదనే చెప్పు, ఫోటో చూసి ఆయనే అంచనా వేస్తాడు, నీ ఊహ కంటే అది నయం. బరువు అడిగితే ఆ లెక్క మీద ప్రమాణాలు చేయకు. 2021 నవంబరులో మీ మిల్ లాక్స్‌లోనే పట్టి రాష్ట్ర రికార్డు కొట్టిన మస్కీ 57 ముప్పావు అంగుళాల పొడవు, 29 అంగుళాల నడుం. లెక్క ప్రకారం అది 60 పౌన్లు దాటాలి. తూకంలో 56కు కాస్త తక్కువే వచ్చింది. 1957 నాటి 54 పౌన్ల రికార్డును దాటడానికి అదే చాలింది.

ఫోటోలు ఫోనులోంచి తీసినవి తీసినట్టే పంపు. వాట్సాప్‌లో మాకు పంపినది పనికిరాదు, అందులో మచ్చలన్నీ అలికేసినట్టున్నాయి. రంగులు దిద్దినవి అసలే వద్దు. చేయి ముందుకు చాచి పట్టుకున్న ఫోటో ఒకటి ఉంది చూశావా, అందులో నీ వేళ్ళు అరటికాయలంత ఉన్నాయి. అది స్నేహితులకు పంపుకో. పనివాడికి చేప పూర్తిగా పక్కకు ఉన్నది, తల దగ్గరగా, తోక దగ్గరగా తీసినవి కావాలి. నీ చేపకు ఎడమ పక్క మచ్చలు వేరు, కుడి పక్క వేరు. నువ్వు పంపిన వాటిలో కుడి పక్కే కనిపిస్తోంది. అంటే గోడ మీద చేప తల నీకు కుడివైపు ఉండాలి. ముందు గోడ చూసుకుని తరువాత చేపను తిప్పమంటే, ఆ ఎడమ పక్క మచ్చలు పనివాడు ఊహించి వేయాల్సిందే. మీ ఆవిడతో మాట్లాడి, చేపకు తగ్గ గోడ చూసుకో. పొయ్యి పైన వద్దు, మధ్యాహ్నపు ఎండ పడే చోటా వద్దు. రెక్క అంచులు పెళుసు, పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టు.

నోరు తెరిపించాలా మూయించాలా అంటే నేను మూయమంటాను. పళ్ళు చూపించి భయపెట్టడం నాకు నచ్చదు. నీ ఇష్టం. ఇత్తడి పలక మీద తేదీ, సరస్సు, పొడవు, వదిలేశామన్న మాట రాయించు. వల పట్టిన స్నేహితుడి పేరు కూడా తప్పకుండా వేయించు. మీ నాన్న నా పేరు వేయించలేదు. ఆ కొలత పక్కన నా పేరు లేకపోవడమే మంచిదైంది లే.

ఇప్పుడు నవంబరు. ఒరే, మిల్ లాక్స్ 1.3 లక్షల ఎకరాల నీళ్ళు. లోతు చూస్తే మహా అయితే నలభై అడుగుల పైచిలుకు. అంత వెడల్పు, అంత తక్కువ లోతు ఉన్న నీళ్ళ మీద గాలి లేస్తే అలలు దగ్గరదగ్గరగా, నిటారుగా లేస్తాయి. నీళ్ళు గడ్డకట్టడానికి సిద్ధంగా ఉంటాయి. పడితే ఈత వచ్చా రాదా అన్నది తరువాతి మాట. ఆ చలికి మొదటి నిమిషంలోనే ఊపిరి మన మాట వినదు, నోట్లోకి నీళ్ళు పోతాయి. ఆ ఫోటోల్లో ఒక్కడి ఒంటి మీదా లైఫ్ జాకెట్ లేదు. పడవలో ఉంది పెదనాన్నా అంటావు. పడవలో ఉంటే పడవను కాపాడుతుంది. ఒంటికి వేసుకో. గోదావరిలో మామయ్యను పోగొట్టుకున్న ఇల్లు ఇది. మీ పెద్దమ్మ ఈనాటికీ పడవ ఫోటో చూస్తే ముఖం తిప్పుకుంటుంది. ఈ విషయంలో నేను చాదస్తుణ్ణి, అలాగే అనుకో.

చేప విషయంలోనూ ఒక మాట. ఆ రికార్డు చేపను వదిలేయాలనే చూశారు. చాలాసేపు ప్రయత్నించినా అది తేరుకోలేదు. అందుకే ఈసారి కొలత కోసం, ఫోటో కోసం చేపను పైన ఉంచి ముచ్చట్లు పెట్టకు. గాలం ముళ్ళు కత్తిరించడం, కెమెరా సిద్ధం చేయడం, పలక తడపడం అన్నీ అది వలలో, నీళ్ళలో ఉండగానే కానివ్వండి. పైకి ఎత్తిన క్షణం నుంచి నువ్వూ ఊపిరి బిగబట్టు. నీకు ఆడనప్పుడు దానికీ ఆడటం లేదని గుర్తు. రెండు చేతులతో అడ్డంగా పట్టుకో, దవడ పట్టి నిలువునా వేలాడదీయకు.

అడ్వాన్సు డబ్బు నేను పంపుతున్నాను. వద్దనకు, కొత్త ఇంటికి నేను ఇంకా ఏమీ పెట్టలేదు. పనివాడికి కొలతలు రాసి పంపే కాగితం మాత్రం ముందు నాకు ఫోటో తీసి పంపు. మీ నాన్న చేత దిద్దించకు.

ఇట్లు,
నీ పెదనాన్న