సిగరెట్ మానేశాక మతిమరుపా? ముందు ఆ నిద్రమాత్ర సంగతి చూడండి

ప్రశ్న: నా వయసు 44. ఖమ్మంలో అకౌంటెంట్‌ని. ఇరవై ఏళ్లు రోజుకో పెట్టె సిగరెట్లు కాల్చి, ఆరు వారాల క్రితం మానేశాను. అప్పటి నుంచి లెక్కల్లో తప్పులు పోతున్నాయి, పేర్లు గుర్తుకు రావడం లేదు, ఏ పనీ చేయబుద్ధి కావడం లేదు. నికోటిన్ ఆపేస్తే ఎలుకల మెదడు శాశ్వతంగా దెబ్బతిన్నట్టు చదివాను. రోజుకు ఒక్కటి కాలిస్తే జ్ఞాపకశక్తి తిరిగొస్తుందా? షుగర్‌కు ఏడేళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. టీ కాస్త ఎక్కువే తాగుతాను. నిద్ర పట్టక, ఫ్రెండ్ చెబితే మెడికల్ షాపులో అల్ప్రాజోలం తెచ్చుకున్నాను. మొదట్లో అరమాత్ర సరిపోయేది, ఇప్పుడు రెండు పడుతున్నాయి. - ఒక పాఠకుడు

జవాబు: ఆరు వారాలు నిలబడ్డారు, సంతోషం. కానీ నన్ను కంగారు పెట్టింది ఎలుకలు కాదు, మీ చివరి రెండు వాక్యాలు.

మతిమరుపు, మందకొడితనం, పని మీద ధ్యాస నిలవకపోవడం... ఇవన్నీ అల్ప్రాజోలం వల్ల కూడా వస్తాయి. అరమాత్ర కాస్తా రెండు మాత్రలైందంటే ఒంటికి అలవాటు పడుతోందన్నమాట. ఇది షెడ్యూల్ హెచ్1 మందు. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్మినప్పుడు డాక్టర్ పేరు, రోగి పేరు రిజిస్టర్‌లో రాయాలి. మీకెలా ఇచ్చారో గానీ, ఫ్రెండ్‌కి పడిన మాత్ర మీకూ పడుతుందని ఎలా అనుకున్నారండీ? లెక్కలు చూసే మనిషి మీరు!

అలాగని ఇది చదివి ఈ రాత్రే ఆపేయకండి. రోజూ వేసుకునే అల్ప్రాజోలం ఒక్కసారిగా మానేస్తే వణుకు, విపరీతమైన ఆందోళన, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. కల్తీ కల్లులో కలిపే మందుల్లో ఇదీ ఒకటి. ఆ కల్లు దొరకనప్పుడు మనుషులు ఎలా అయిపోతారో మీ జిల్లాలో మీరూ వినే ఉంటారు. డాక్టర్ చూసి, కొద్దికొద్దిగా తగ్గిస్తూ మాన్పించాలి. ఈలోగా దాని మీద మద్యం తాగొద్దు, బండి నడపొద్దు.

ఇక ఎలుకలు. ఆ ప్రయోగాల్లో చిట్టెలుకల చర్మం కింద చిన్న పంపు పెట్టి, రోజుల తరబడి నికోటిన్ ఎక్కించి, తర్వాత పంపు తీసేస్తారు. మర్నాడు ఒక పెట్టెలో పెట్టి కాళ్లకు చిన్న షాక్ ఇస్తారు. మామూలు ఎలుకను మళ్లీ అదే పెట్టెలో పెడితే గుర్తుపట్టి బిగుసుకుపోతుంది. నికోటిన్ ఆగిన ఎలుక అంతగా బిగుసుకోదు, అంటే సరిగా నేర్చుకోలేదన్నమాట. అయితే పెద్ద ఎలుకల్లో ఈ లోపం దాదాపు నాలుగు రోజుల్లో పోయింది. నికోటిన్ వల్ల హిప్పోక్యాంపస్‌లో (మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన భాగం) పెరిగిన గ్రాహకాలు, అంటే నికోటిన్ అతుక్కునే చోట్లు, మామూలు స్థాయికి దిగే సమయమూ ఇంచుమించు అదే. 1998లో నేచర్ పత్రికలో వచ్చిన మరో అధ్యయనంలో, నికోటిన్ ఆపిన ఎలుకల మెదడుకు, అందులో పెట్టిన సన్నని తీగ ద్వారా హాయి కలిగించడానికి మామూలు కంటే ఎక్కువ కరెంటు కావాల్సి వచ్చింది. అదీ కొన్ని రోజులే.

చాలాకాలం మిగిలిపోయిన తేడాలు ప్రధానంగా కౌమార దశలో నికోటిన్ ఎక్కించిన జంతువుల్లో కనిపించాయి. అవి పెద్దయ్యాక కూడా ఏకాగ్రత, నేర్చుకునే శక్తి తగ్గాయి, దిగులు లక్షణాలు కనిపించాయి. మీరు ఏ వయసులో మొదలుపెట్టారో రాయలేదు. ఇంట్లో కాలేజీకి వెళ్లే పిల్లలుంటే మీ దిగులు కొంచెం అటు మళ్లించండి. 2019లో నిషేధించినా వేప్‌లు (ఈ-సిగరెట్లు) దొంగచాటుగా దొరుకుతూనే ఉన్నాయి. ఏమైనా, ఎలుకకు ఇచ్చింది ఒట్టి నికోటిన్, మీరు పీల్చింది పొగ. రెండూ ఒకటి కాదు.

మనుషుల్లో చిరాకు, ధ్యాస లేకపోవడం మొదటి వారంలో ఎక్కువగా ఉండి, చాలామందిలో నాలుగు వారాలకల్లా తగ్గిపోతాయి. ఆరు వారాలకూ తగ్గకపోతే వేరే కారణం వెతకాలి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో బి12 తగ్గవచ్చు. దానివల్లా మతిమరుపు, నిస్సత్తువ వస్తాయి. బి12, థైరాయిడ్, మూడు నెలల షుగర్ పరీక్షలు చేయించండి. డిప్రెషన్ కూడా కావచ్చు, మిమ్మల్ని చూడకుండా నేను తేల్చి చెప్పలేను. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి.

నిద్ర మాటకొస్తే, టీ ఎన్ని కప్పులో లెక్క రాయలేదు. సిగరెట్ పొగ వల్ల కాలేయం కెఫీన్‌ను త్వరగా వదిలించుకుంటుంది. పొగ ఆగితే అవే కప్పుల టీకి రక్తంలో కెఫీన్ బాగా పెరుగుతుంది. దడ, నిద్రలేమి దానివల్లా కావచ్చు. టీ సగానికి తగ్గించి, మధ్యాహ్నం రెండు దాటాక ముట్టకండి. మీ రాత్రుల కథ అక్కడే మొదలైందేమో!

రోజుకు ఒక్కటి? వద్దు. ఆ ఒక్కటి ఒక్కటిగా ఉండదు. పైగా 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన సమీక్ష ప్రకారం, మానేసినవారిలో ఆందోళన, దిగులు మానని వారికంటే తగ్గాయి. మరీ నాలుక పీకుతుంటే నికోటిన్ గమ్ గానీ, వేరే మందు గానీ వాడవచ్చు. అదీ డాక్టర్‌ని అడిగాకే. పొగాకు మానేవారికి సాయపడే క్విట్‌లైన్ 1800-11-2356కు ఫోన్ చేస్తే డబ్బులేమీ పడవు.

ఈ వారంలోనే ఫిజీషియన్‌కు గానీ, సైకియాట్రిస్టుకు గానీ చూపించుకోండి. వాడిన అల్ప్రాజోలం స్ట్రిప్పులు దాచకుండా వెంట తీసుకెళ్లండి. అరికాళ్లలో తిమ్మిరి, మంట ఉంటే అదీ చెప్పండి.